టాయిలెట్ టోకెన్: ఒక రొయ్యల ప్లాంటు కేసు

గోదావరి జిల్లాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నేను చేసిన పని ఇది. ఊరు, యజమాని, కాంట్రాక్టరు ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను. టేబుళ్ళ సంఖ్య, అంకెలు కూడా కాస్త అటూ ఇటూ చేశాను, వాటి పొత్తు మాత్రం చెడనివ్వలేదు. ఫ్యాక్టరీల్లో మనుషుల వ్యవహారాలు చూసే సలహాదారు పనిలో నాకు చాలా ఏళ్ళే గడిచాయి. అయినా ఈ కేసులో రెండుసార్లు తప్పు చేశాను. రాయడానికి అదీ ఒక కారణం.

నేపథ్యం

చెరువుల్లో పట్టుబడి అయిన వనామి రకం రొయ్య ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి ప్లాంటుకు వస్తుంది. కడిగి, తూచి, తల తీసి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ప్రకారం వేరు చేస్తారు. ఆర్డరును బట్టి పెంకు ఒలిచి వీపు మీది నల్ల నరం తీస్తారు. తర్వాత గడ్డకట్టించి కోల్డ్ స్టోరేజీలోకి పంపుతారు. యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ ప్లాంటులో తల తీయడం ఆడవాళ్ళ వేళ్ళ మీద నడిచే పనే.

తల తీసే హాలులో ఆరు స్టీలు టేబుళ్ళు, టేబుల్‌కు పన్నెండు మంది, మొత్తం 72 మంది. అందరూ చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాళ్ళే, కాంట్రాక్టరు మనుషులే. ఒక్కో టేబుల్ ఇంచుమించు ఒక్కో ఊరు. వదినలు, తోడికోడళ్ళు, పిన్నీ కూతుళ్ళు పక్కపక్కన నిలబడతారు. తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకు గమ్‌బూట్లు, చేతులు ఐసు నీళ్ళలో. కూలి టబ్బుల లెక్కన. ఎన్ని టబ్బుల తలకాయ రొయ్య ఖాళీ చేస్తే అంత.

ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే రావాలి.

సమస్యగా నాకు చెప్పింది

యజమాని చెప్పినవి రెండు. ఒకటి, వందకు ఇరవై మందికి పైగా రోజూ నాగా పెడుతున్నారు. రెండు, ఈల్డు, అంటే తల తీశాక దక్కే బరువు, పడిపోతోంది. వనామిలో వంద కిలోల తలకాయ రొయ్యకు అటూ ఇటూగా 65 కిలోల హెడ్‌లెస్ (తల తీసిన రొయ్య) రావాలి. ఇక్కడ 62 దాటడం లేదు. రోజుకు పది టన్నులు నడిపే హాలులో మూడు పాళ్ళు తగ్గితే 300 కిలోల మాంసం. అది తలకాయలతో పాటు చెత్త టబ్బులోకి పోతోందా, గేటు దాటి పోతోందా అన్నది ఆయన అనుమానం.

ప్రొడక్షన్ మేనేజరుకు అనుమానం కూడా లేదు, నిశ్చయమే. ఐసు గదిలో హెల్పరుగా చేరి ఇరవై ఏళ్ళలో ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. మొదటి రోజే నాతో అన్నాడు: "నేను వాళ్ళలోంచి వచ్చినవాణ్ణే మేడం. వాళ్ళ సంగతి నాకు తెలీదా? కళ్ళు పక్కకి తిప్పితే చేతులు ఆగిపోతాయి. డబ్బు తప్ప వాళ్ళకింకేం పట్టదు."

ఈయన్ని దుర్మార్గుడిగా చూపించాలని నాకు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. పండక్కి అడ్వాన్సు ఇవ్వకపోతే యజమానితో పోట్లాడేవాడు. మనసు మంచిదే. మనిషి పని ఎందుకు చేస్తాడన్న దాని మీద ఆయన లెక్క మాత్రం ఒక్కటే. ఆ లెక్క హాలు గోడల మీద, రిజిస్టర్లలో, గేటు దగ్గర రూల్సుగా మారిపోయి ఉంది.

అవేమిటో చెప్తాను. చెత్త టబ్బులో తలకు మాంసం అంటుకుని కనిపిస్తే ఆ టేబుల్ మొత్తానికి కోత. మాట్లాడుకుంటూ దొరికితే టేబుల్ మార్పు. బయటికెళ్ళేటప్పుడు ఒళ్ళు తడిమి, క్యారేజీ గిన్నె మూత తీయించి చూడటం. ఇక టాయిలెట్ టోకెన్. టేబుల్ నంబరు పెయింటు చేసిన అరచేతంత ప్లాస్టిక్ బిళ్ళ, సూపర్‌వైజరు స్టూలు పక్కన మేకుకు వేలాడుతుంది. టేబుల్‌కు ఒక్కటే. అది చేతిలో ఉన్న మనిషి తప్ప మిగతా పదకొండు మందిలో ఎవరూ కదలకూడదు. ఎవరు ఎప్పుడు వెళ్ళారో, ఎన్ని నిమిషాలకు వచ్చారో సూపర్‌వైజరు నోటు పుస్తకంలో రాస్తాడు.

నన్ను అడిగిన పని, ఈ కట్టుదిట్టాన్ని ఇంకొంచెం బిగించే పథకం రాసిపెట్టడం. వేలిముద్ర మెషీను, కెమెరాలు, వాటితో పాటు ఏదైనా బహుమతి పథకం.

ముందు ఏం చూశాను, ఎందుకలా

ఇలాంటి చోట చాలామంది ముందు సర్వే చేస్తారు. నేను చేయలేదు. కాంట్రాక్టు మనిషికి ప్రశ్నల కాగితం ఇస్తే, చదివి వినిపించేది సూపర్‌వైజరు, రాసేదీ అతనే. "అంతా బాగానే ఉందండి" అన్న జవాబు కోసం అంత శ్రమ ఎందుకు? కాబట్టి యజమానిని అడిగి మూడు షిఫ్టులు నాలుగో టేబుల్ దగ్గర నిలబడి తలలు తీశాను.

మొదటి గంటలో నేర్చుకున్నది మెడ కండ గురించి. రొయ్య తలను బొటనవేలితో కిందినుంచి ఎత్తి, కొంచెం వెనక్కి వంచి లాగితే మెడ దగ్గరి కండ ఒంటికే ఉండిపోతుంది. పట్టుకుని ఒక్క మెలి తిప్పితే పని తొందరగా అవుతుంది, కండ మాత్రం తలతో పాటు ఊడివస్తుంది. రెండు పద్ధతులకూ తేడా ఒక క్షణం కూడా ఉండదు. కానీ ఒక షిఫ్టులో ఆ క్షణాలు వేలు. నా పక్కన నిలబడ్డ యాభై ఏళ్ళ మనిషి రెండూ చేసి చూపించింది. "ఇది మెల్లగా తీసేది, ఇది టబ్బు తీసేది" అంది. టబ్బుకు కూలి ఇస్తున్నారు కాబట్టి టబ్బు తీసే పద్ధతే తీస్తున్నారు. మూడు పాళ్ళ ఈల్డు ఎక్కడికి పోయిందో పెద్ద భాగం అక్కడే తెలిసిపోయింది. దొంగతనమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. మనం దేనికి డబ్బిస్తున్నామో అదే చేసిపెడుతున్నారు.

రెండోది టోకెన్. రెండో రోజు షిఫ్టంతా నాలుగో టేబుల్ బిళ్ళను కనిపెట్టి ఉన్నాను. ఏడు గంటల పనిలో అది 31 సార్లు లేచింది. ఏప్రాను విప్పి, బూట్లు మార్చి, నడిచి వెళ్ళి, తిరిగొచ్చి చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచేసరికి మనిషికి పన్నెండు నిమిషాలు. లెక్క వేస్తే బిళ్ళ మేకుకు వేలాడింది షిఫ్టు మొత్తంలో ముప్పావు గంట. మేనేజరు ఇదే అంకెను నాకు తన సాక్ష్యంగా చూపించాడు: "చూశారా, ఖాళీ అయితే చాలు, ఒకరి తర్వాత ఒకరు పరుగు."

పరుగు నిజమే. ఎందుకో నా పక్కావిడ చెప్పింది. "ఇప్పుడు అవసరం లేదు మేడం. కానీ ఇప్పుడెళ్ళకపోతే మళ్ళీ పదకొండు మంది అయ్యాక గదా నా వంతు. అప్పుడు ఆపుకోలేకపోతే?" రేషన్ పెట్టిన దేనికైనా ముందే వెళ్ళి లైనులో నిలబడతాం. టోకెన్ లేకపోతే వెళ్ళనివాళ్ళు కూడా టోకెన్ ఉండటం వల్ల వెళ్తున్నారు. కొందరు దీనికి తిరగబడ్డ మందు కనిపెట్టారు: నీళ్ళు తాగడం మానేశారు. నాగాల రిజిస్టరులో "ఒంట్లో బాగోలేదు" అన్న మాట వెనక మూత్రంలో మంట, జ్వరం ఎంతమందికో నేను లెక్క కట్టలేదు, అది నేను అడగదగిన ప్రశ్న కూడా కాదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పినవాళ్ళే నా టేబుల్‌లో నలుగురు.

మూడోది ఎవరూ చెప్పలేదు, చూస్తే తెలిసింది. మధ్యాహ్నం దాటాక నాలుగో టేబుల్ చేతులు నెమ్మదించాయి, అందరివీ ఒకేసారి. అడిగితే నవ్వారు. నిరుడు ఒక నెల పోటీ పడి ఎక్కువ టబ్బులు ఖాళీ చేస్తే, కూలి ఎక్కువైపోతోందని కాంట్రాక్టరు టబ్బు రేటు తగ్గించాడు. అప్పటినుంచి ఫలానా అంకె దాటకూడదని టేబుల్ కట్టుబాటు. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1931–32లో టెలిఫోన్ స్విచ్చులకు తీగలు బిగించే పనిలోని 14 మంది మగవాళ్ళను ఒక గదిలో పెట్టి గమనిస్తే బయటపడిందీ ఇదే. ఎక్కువ చేస్తే రేటు కోస్తారన్న భయంతో వాళ్ళలో వాళ్ళే హద్దు గీసుకున్నారు. తొంభై ఏళ్ళ కిందటి ఆ గదికీ మన ఐసు నీళ్ళ టేబుల్‌కూ ఈ ఒక్క విషయంలో ఆవగింజంత తేడా లేదు.

చేసినవి, చెడినవి

మూడు రోజులు టేబుల్ దగ్గర నిలబడి ఇవన్నీ చూశాక కూడా నేను మొదట చేసింది హాజరు బోనసు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. యజమాని నాగాల మీద వెంటనే ఏదో ఒకటి కావాలన్నాడు. తేలిగ్గా మొదలుపెట్టగలిగింది అదే. నెలలో ఒక్క రోజు కూడా మానకపోతే ఇంత అని ప్రకటించాం. రెండు వారాలు హాజరు లేచింది. మూడో వారంలో మొదటికంటే కిందికి పోయింది. కారణం చిన్నది. మూడో తారీకున పిల్లాడికి జ్వరమొచ్చి ఒక్క రోజు మానిన తల్లికి ఆ నెల బోనసు పోయింది. ఇక మిగతా 27 రోజులు రావడానికి ఆ పథకం ఆమెకు ఏ కారణమూ మిగల్చలేదు. ఇంకోవైపు, మానాల్సిన ముగ్గురు, చేతివేళ్ళ మధ్య పుండ్లతో ఐసు నీళ్ళలో చేతులు పెట్టారు. ఆహారం తయారయ్యే చోట అది మరో ప్రమాదం.

లోతుగా చూస్తే, ఆ బోనసులో నేనూ మేనేజరు లెక్కనే నమ్మాను. డబ్బు చూపిస్తే వస్తారు, చూపకపోతే రారు. ఆయన బెత్తం పట్టుకున్నాడు, నేను బెల్లం పట్టుకున్నాను. ఎదుటి మనిషి గురించి ఇద్దరి ఊహా ఒకటే.

రెండోది "ఈ నెల ఉత్తమ కార్మికురాలు" బోర్డు. ఇది యజమాని కోరిక, నేను అడ్డు చెప్పలేదు. రెండో టేబుల్‌లో ఒకామె ఫోటో పెట్టారు. వారం తిరక్కుండా ఆమే వచ్చి నన్ను పక్కకు పిలిచింది. "నా ఫోటో తీసేయమనండి మేడం, మా వదిన మూడు రోజులుగా మాట్లాడటం లేదు." ఒక టేబుల్ ఒక ఊరు అన్నాను కదా. అక్కడ ఒకరికి మెచ్చుకోలు అంటే పదకొండు మందికి దెప్పిపొడుపు. ఫోటో తీసేశాం. బోర్డు ఖాళీగా చాన్నాళ్ళు వేలాడింది.

ఈ రెండూ చెడిపోయాక ఆగి ఆలోచించాను. 1960లో ఎంఐటీ ప్రొఫెసరు డగ్లస్ మెక్‌గ్రెగర్ ఎక్స్ సిద్ధాంతం, వై సిద్ధాంతం అని పేర్లు పెట్టిన సంగతి మేనేజ్‌మెంటు చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. మనిషికి పనంటే గిట్టదు, అదిలించి చేయించాలి అనుకోవడం ఎక్స్. తనదనుకున్న లక్ష్యం కోసం మనిషి తనను తానే నడిపించుకుంటాడు అనుకోవడం వై. శిక్షణ తరగతుల్లో దీన్ని తరచూ తిరగేసి చెప్తారు: కార్మికుల్లో ఎక్స్ రకం, వై రకం ఉంటారని. ఆయన చెప్పింది కార్మికుల రకాల గురించి కాదు, మేనేజర్ల ఊహల గురించి. సోమరితనం, బాధ్యత పట్టనితనం అని మనం చూసేది మనిషి పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, మనం నడిపిన తీరుకు వచ్చిన ఫలితం అన్నది ఆయన వాదన. టోకెన్ దీనికి కళ్ళెదుటి రుజువు. పరుగెత్తుతారని బిళ్ళ పెట్టారు, బిళ్ళ పెట్టారు కాబట్టి పరుగెత్తుతున్నారు, ఆ పరుగు చూసి బిళ్ళ ఉండాల్సిందే అంటున్నారు. అనుమానం పెనుభూతమని మనవాళ్ళు ఊరికే అనలేదు.

సరే, ఈ మాట మేనేజరుకు ఎలా చెప్పాలి? సిద్ధాంతం చెప్తే, వాళ్ళలోంచి వచ్చిన మనిషికి ఊరి బయటినుంచి వచ్చిన మనిషి పాఠం చెప్పినట్టవుతుంది. గౌరవం, మర్యాద అన్నా పనిచేయదు. తను అగౌరవపరుస్తున్నానని ఆయన అనుకోవడం లేదు. అందుకని నేను వేరే దారిలో వెళ్ళాను. క్వాలిటీ ఇన్‌ఛార్జిని తీసుకొచ్చి ఆ బిళ్ళను చేతిలో పెట్టి ఒకటే అడిగాను: "ఇది రోజుకు ముప్పై సార్లు టాయిలెట్‌లోకి వెళ్ళి వస్తోంది. దీన్ని ఎవరు కడుగుతున్నారు?"

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. చేతులు క్లోరిన్‌లో ముంచాక తీసుకెళ్ళి మేకుకు తగిలించేది ఆ బిళ్ళనే. తర్వాతి మనిషి దాన్ని పట్టుకునేది రొయ్య పట్టుకున్న చేత్తోనే. విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిట్‌కు వచ్చినవాడి కంట ఇది పడి ఉంటే ఏమయ్యేదో మేనేజరుకు నేను చెప్పక్కర్లేదు. నాలుగో, ఐదో టేబుళ్ళకు మూడు వారాల పాటు టోకెన్ తీసేయడానికి ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు. నమ్మి కాదు, శుభ్రత కోసం. నాకు అప్పటికి అది చాలు. మనసు మారాక పద్ధతి మారుద్దామని కూర్చుంటే ఏళ్ళు పడుతుంది. పద్ధతి మారి ఫలితం కనబడ్డాక మనసు మారడం నేను ఎక్కువ సార్లు చూశాను.

దీనితో పాటే ఇంకో పని, ఇందులో మనస్తత్వశాస్త్రం ఏమీ లేదు. కోతలు ఆపించాను. అప్పటికి అమల్లో ఉన్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం జరిమానా ఆ కాలపు కూలిలో 3 శాతం దాటకూడదు. ఏ తప్పుకు వేస్తారో ముందే నోటీసు అంటించి ఉండాలి, మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, రిజిస్టరులో రాయాలి, వచ్చిన సొమ్ము కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి. ఇక్కడ కాంట్రాక్టరు నోటిమాటతో టేబుల్ మొత్తానికి కోస్తున్నాడు, ఆ డబ్బు అతని జేబులోనే ఉంటోంది. యజమాని లాయరుతో మాట్లాడించాక ఒక్క వారంలో ఆగింది. ప్రేరణ గురించి మాట్లాడే ముందు చట్టం సంగతి చూసుకోవాలి. ఈ వరుస తప్పిన సలహాదారుల్ని చాలామందిని చూశాను.

పనిచేసినవి

మొదటి వారం నాలుగో టేబుల్‌లో టోకెన్ లేకుండా వెళ్ళినవి రోజుకు 24. రెండో వారానికి 19. లెక్క మేమే పెట్టాం, దూరం నుంచి, కాగితం మీద గీతలతో. మేనేజరు నమ్మక తనే ఒక రోజు నిలబడి గీతలు గీసుకున్నాడు. 18 వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మిగతా నాలుగు టేబుళ్ళ బిళ్ళలు కూడా మేకుల మీద లేవు. నాకు చెప్పకుండానే తీయించాడు.

ఈల్డు దగ్గర నేను కొంచెం జాగ్రత్త పడ్డాను. ఆ మూడు వారాలూ ఆ రెండు టేబుళ్ళకు ఒక చిన్న కాటా ఇచ్చాం. ప్రతి రెండు గంటలకు వాళ్ళ తలకాయ రొయ్య ఎంత, హెడ్‌లెస్ ఎంత, వాళ్ళే తూచి పలక మీద రాసుకుంటారు. కూలి పద్ధతి మాత్రం పాతదే ఉంచాను. నమ్మకం, సమాచారం ఎంత దూరం తీసుకెళ్తాయో, డబ్బు ఎక్కడ అడ్డుపడుతుందో విడివిడిగా తెలియాలని. 62 దగ్గర్నుంచి 63కు వచ్చి ఆగింది. అంతకంటే ఎక్కువ రావాలని ఆశించడమూ తప్పే. మెడ కండ కాపాడితే టబ్బులు తగ్గుతాయి, టబ్బులు తగ్గితే కూలి తగ్గుతుంది. "మీ మీద నమ్మకం ఉంది" అని చెప్పి, ఆ నమ్మకానికి ఖర్చు వాళ్ళ చేత పెట్టించడం మోసం. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. వై సిద్ధాంతం పేరు చెప్పి ఊరికే ఎక్కువ పని లాక్కునే యాజమాన్యాలు కూడా ఉన్నాయి.

నాలుగో వారం నుంచి కూలి లెక్క మార్చాం. ఖాళీ చేసిన టబ్బుకు కాదు, తూగిన హెడ్‌లెస్ కిలోకు. చిన్న రొయ్యకు రేటు ఎక్కువ, ఎందుకంటే అందులో కిలోకు తలలు ఎక్కువ. ఎంత తక్కువ సరుకు వచ్చినా రోజుకు కనీస కూలి ఖాయం. అన్నిటికంటే ముఖ్యం, ఏడాది పాటు రేటు తగ్గించబోమని యజమాని సంతకం పెట్టిన కాగితం హాలులో అంటించడం. దీని మీద కాంట్రాక్టరుతో నెల రోజులు గొడవ నడిచింది, ఆ కథ వేరు. కాగితం అంటించిన పది రోజుల దాకా నాలుగో టేబుల్ తమ కట్టుబాటు అంకె దాటలేదు. పదకొండో రోజు దాటారు. రేటు తగ్గకపోవడం చూశాకే మిగతావాళ్ళూ కదిలారు. రెండు నెలలకు హాలు మొత్తం మీద ఈల్డు 64న్నర దగ్గర నిలబడింది.

సూపర్‌వైజర్ల సంగతి నేను ముందే ఆలోచించాల్సింది. టోకెన్ పోయాక, కోతలు పోయాక, వాళ్ళ చేతిలో పుస్తకం మాత్రం మిగిలింది. ఒకతను నా దగ్గరికొచ్చి, "మరి మేమెందుకండీ ఇక్కడ?" అన్నాడు. వెటకారం కాదు, భయం. రెండో నెలలో అతనే మళ్ళీ ఎవరు ఎప్పుడు బయటికెళ్ళారో చిన్న చీటీల మీద రాసుకుంటూ దొరికాడు. మేనేజరు మండిపడ్డాడు, నేను ఆపాను. ఈల్డు పడితే ఇంక్రిమెంటు ఆగేది ఆ సూపర్‌వైజరుకే. మేనేజరు అతణ్ణి నమ్మడు, యజమాని మేనేజరును నమ్మడు, యజమాని మీద కొనుగోలుదారుకు అంత నమ్మకం ఉండి ఉంటే ఆడిట్లు అన్ని ఉండవు. పైనుంచి జారుతూ వచ్చిన అనుమానం చివరికి ఆ బిళ్ళ దగ్గర ఆగిందంతే.

అందుకని సూపర్‌వైజరు పని మార్చాం. టేబుల్‌కు ఐసు అయిపోకుండా, టబ్బు కోసం చేతులు ఊరికే ఉండకుండా, చిరిగిన గ్లౌజులకు వెంటనే కొత్తవి అందేలా చూడటం. టేబుల్ సరుకు కోసం ఎన్ని నిమిషాలు ఆగిందన్నదే ఇప్పుడు అతని లెక్క. ముగ్గురు సూపర్‌వైజర్లలో ఇద్దరు కుదురుకున్నారు. మూడో అతను వేరే ప్లాంటుకు వెళ్ళిపోయాడు.

నా ఊహ ఎక్కడ తప్పింది

ఇంతవరకూ చదివినవాళ్ళకు, ఎక్స్ పోయి వై వచ్చింది, కథ సుఖాంతం అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించి తర్వాతి అడుగు వేశాను. అహ్మదాబాదు కాలికో మిల్లులో 1953లో ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు మగ్గాల షెడ్డులో నేతగాళ్ళను చిన్న బృందాలుగా చేసి, పని పంపకం వాళ్ళకే వదిలిన ప్రయోగం నాకు చాలా ఇష్టమైనది. ఆ ధోరణిలో, ప్రతి టేబుల్‌కు వారానికొకరు చొప్పున నాయకురాలు ఉండాలి, కౌంటు పంపకం, విరామ సమయం వాళ్ళే తేల్చుకోవాలి అని పథకం రాశాను. మనిషికి బాధ్యత ఇస్తే సంతోషిస్తాడు కదా.

నాలుగో టేబుల్ దగ్గర చదివి వినిపించాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి నా పక్క నిలబడే పెద్దావిడే అంది: "లీడరు ఎందుకు మేడం, మళ్ళీ మాలో మాకు గొడవలు. మాకది వద్దు. ఏ టైముకి ఇంటికెళ్తామో పొద్దున్నే చెప్పండి చాలు."

అక్కడ నాకు నాగాల సంగతి సగం అర్థమైంది. మూడు షిఫ్టులు నిలబడీ చూడలేకపోయాను, ఎందుకంటే నన్ను తీసుకెళ్ళడానికి కారు వచ్చేది. పట్టుబడి ఎప్పుడు అవుతుందో, లారీ ఎప్పుడొస్తుందో ఖచ్చితంగా ఉండదు. రొయ్య వచ్చాక ఆగదు కాబట్టి సరుకు అయ్యేదాకా బస్సు కదలదు. ఒక రోజు సాయంత్రం అయిదుకు, ఒక రోజు రాత్రి పదికి. ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, బడినుంచి వచ్చిన పిల్లల్ని ఎవరు చూస్తారు, రాత్రి పదికి దిగితే మొగుడు ఏమంటాడు అన్నది ఎవరికీ ముందు తెలియదు. మర్నాడు తప్పనిసరిగా ఇంట్లో ఉండాల్సిన పని ఉంటే, సాయంత్రానికి వస్తానో రానో తెలియదు కనక ఆ రోజు పూర్తిగా మానేయడమే వాళ్ళకు మిగిలిన దారి.

ఇది విన్నాక మేనేజరు ఆశ్చర్యంగా, "ఇంతేనా? ముందురోజు రాత్రికే మాకు తెలుస్తుందండీ ఏ చెరువు పట్టుబడో" అన్నాడు. తెలుసు. సరుకు కొనే విభాగానికి, ఐసు ఫ్యాక్టరీకి, లారీ డ్రైవర్లకు తెలుసు. 72 మంది ఆడవాళ్ళకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. వాళ్ళకు చెబితే ఏం చేసుకుంటారు, పిలిస్తే వస్తారు గదా అన్న ఊహ. కోపంతో పుట్టిన రూలు కాదు ఇది, గుర్తుకు రాకపోవడం.

ఇప్పుడు రాత్రి ఎనిమిదికి ప్రతి టేబుల్‌లో ఒకరి ఫోనుకు వాయిస్ మెసేజ్ వెళ్తుంది: రేపు ఇన్ని టన్నులు, ఇంచుమించు ఫలానా టైముకి బస్సు. రాత్రి ఏడు దాటేలా ఉంటే మధ్యలో ఒక బస్సు, వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళొచ్చు. ఆరు నెలలకు నాగాలు వందకు 22 నుంచి 11కు దిగాయి. అందులో టోకెన్ వాటా ఎంత, కూలి లెక్క వాటా ఎంత, ఆ వాయిస్ మెసేజ్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. మెసేజ్ మొదలైన నెలలోనే ఎక్కువ దిగాయని మాత్రం రిజిస్టరులో కనిపిస్తుంది.

నా ఊహ కూడా ఊహే కదా. పని మనిషి జీవితానికి అర్థం ఇవ్వాలి, బాధ్యత అందరూ కోరుకుంటారు అన్నది నాబోటి జీతగాళ్ళ అనుభవం. దాన్ని తీసుకెళ్ళి ఐసు నీళ్ళ టేబుల్ మీద పరిచాను. ఆ ఆడవాళ్ళకు బాధ్యత తక్కువై కాదు, ఇంటి దగ్గర బారెడు ఉంది. ప్లాంటు నుంచి వాళ్ళు కోరింది, ఆ ఇంటి బాధ్యత నెరవేర్చుకునేంత సమయం తమ చేతిలో ఉండటం. ఈ కేసు తర్వాత నేను ఎక్కడికెళ్ళినా రూల్సన్నీ ఒక కాగితం మీద రాయించి, ప్రతి రూలు పక్కన "ఇది ఎలాంటి మనిషిని ఊహించుకుని రాసింది" అని మేనేజర్ల చేతే నింపిస్తున్నాను. నా సిఫారసులకూ అదే కాగితం, అదే గడి. నాయకురాలి పథకానికి ఆ గడి నింపి ఉంటే అందులో నేనే కనబడేదాన్ని.

ప్రస్తుతం

నేను బయటికొచ్చి ఏడాదిన్నర అయింది. కాలికో మిల్లుకు 1970లో ఎరిక్ మిల్లర్ అనే మరో పరిశోధకుడు మళ్ళీ వెళ్ళి చూస్తే బృందాల పద్ధతి ఒకచోట నిలిచి, మిగతా చోట్ల పాతదానికి జారిపోయి ఉంది. అందుకే నేనూ మొన్న వెళ్ళి చూసొచ్చాను. తల తీసే హాలులో మేకులు కూడా పీకేశారు. కాటా ఉంది, పలకల మీద అంకెలు ఆ రోజువే. పెంకు ఒలిచే పీలింగ్ హాలులో, వేరే కాంట్రాక్టరు కింద, టోకెన్ ఇంకా ఉంది. క్వాలిటీ వాళ్ళు దాన్ని స్టీలు బిళ్ళగా మార్చి, పక్కన క్లోరిన్ గిన్నె పెట్టారు. నేను శుభ్రత వాదన పట్టుకుని గెలిచాను కదా, శుభ్రత సమస్య తీరగానే టోకెన్ నిక్షేపంగా నిలబడింది.

గేటు తనిఖీ కూడా తీయించలేకపోయాను. క్యారేజీలో రొయ్య దొరికిన సంఘటనలు నిజంగానే ఉన్నాయి, ఏడాదిలో రెండో మూడో. వాటికోసం రోజూ 72 మందిని తడమడం ఎందుకు, చీటీ తీసి పదిమందిని చూడండి, ఆ చీటీల్లో ఆఫీసు వాళ్ళ పేర్లు, కార్లు కూడా కలపండి అన్నాను. యజమాని చీటీల వరకు ఒప్పుకున్నాడు. కార్ల మాట వచ్చేసరికి, "వాళ్ళు ఏమనుకుంటారండీ" అన్నాడు.